వారానికొక్క మాత్ర: ‘ఛాయా’ను గర్భాశయం వైపు నుంచి చూస్తే

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ‘ఛాయా’ పేరుతో ఉచితంగా ఇస్తున్న మాత్రలోనూ, మందుల దుకాణాల్లో ‘సహేలీ’ పేరుతో అమ్ముతున్న మాత్రలోనూ ఉన్నది ఒకే మందు: ఆర్మెలాక్సిఫెన్, 30 మిల్లీగ్రాములు. పూర్వం దీనినే సెంట్‌క్రోమాన్ అనేవారు. వైద్య గ్రంథాల్లో ఇప్పటికీ రెండు పేర్లూ కనిపిస్తాయి. సాధారణ గర్భనిరోధక మాత్రలు బయటి నుంచి హార్మోన్లను అందించి అండం విడుదల కాకుండా ఆపుతాయి. ఇందులో హార్మోను లేదు, అండాశయం జోలికి ఇది పెద్దగా పోదు. గర్భాశయంలో ఈస్ట్రోజన్ పనిచేసే చోటికి చేరి, ఆ హార్మోను చేయించవలసిన ఎదుగుదలను మందగింపజేయడమే దీని ప్రధానమైన పని. కాబట్టి ఈ మాత్ర మంచిచెడులను తూచడానికి ధర, లభ్యత, దుష్ప్రభావాలు అనే మామూలు కొలతలు చాలవు. గర్భాశయం అసలు ఎవరి మాట విని పెరుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. నర్సింగ్ విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించే ఉద్యోగం వల్లా, రెండో కాన్పు తరువాత స్వయంగా దీన్ని వాడి ఉండటం వల్లా ఈ మందును రెండు వైపుల నుంచీ పరిశీలించే వీలు నాకు కలిగింది.

ఈ మందు పుట్టింది లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థలో. 1960లలో నిత్యానంద్ నాయకత్వంలో అక్కడి శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు. ఏళ్ల తరబడి పరీక్షలు సాగిన తరువాత 1991లో బజారులోకి వచ్చి, 1995లో జాతీయ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేరింది. 2010ల రెండో సగంలో ‘ఛాయా’ అన్న కొత్త పేరు పెట్టుకుని, ‘అంతరా’ అనే గర్భనిరోధక ఇంజక్షనుతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేరింది. నిత్యానంద్ 2024 జనవరిలో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన దేశపు ప్రయోగశాలలో తయారై, మన ఆసుపత్రుల్లో ఉచితంగా దొరికే ఈ మందు పేరును నా దగ్గర చదువుకోవడానికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది తరగతి గదిలోనే మొదటిసారి వింటున్నారన్నది నాకు మింగుడుపడని విషయం.

హార్మోన్ల మాటకు ఇంతగా పెరిగి, ఇంతగా తరిగే అవయవాలు శరీరంలో చాలా తక్కువ. తల్లి నుంచి అందిన ఈస్ట్రోజన్ ప్రభావంతో ఆడశిశువు గర్భాశయం పుట్టినప్పుడు కాస్త పెద్దదిగా ఉండి, కొద్ది వారాల్లోనే కుంచించుకుపోతుంది. బాల్యమంతా పైభాగం కంటే కింది ముఖద్వారపు భాగమే పొడవుగా ఉంటుంది. యుక్తవయసులో అండాశయాలు ఈస్ట్రోజన్‌ను స్రవించడం మొదలుపెట్టాక ఆ నిష్పత్తి తారుమారై, సుమారు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, 60, 70 గ్రాముల బరువు ఉన్న అవయవంగా స్థిరపడుతుంది. అక్కడి నుంచి ప్రతి నెలా దాని లోపలి పొర కొద్ది మిల్లీమీటర్ల మందం నుంచి పది మిల్లీమీటర్ల దరిదాపుల దాకా పెరిగి, గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ అనే మరో అండాశయపు హార్మోను పడిపోగానే రాలిపోతుంది. గర్భం నిలిస్తే నెలలు నిండేసరికి ఆ అవయవమే దాదాపు కిలో బరువుకు చేరి, కాన్పయిన ఆరు వారాల్లో మళ్లీ పూర్వస్థితికి వస్తుంది, ముట్లుడిగిన తరువాత క్రమంగా ముడుచుకుపోతుంది. గర్భిణిలో ఈ పెరుగుదల అంతా బిడ్డ లోపలి నుంచి నెట్టుకురావడం వల్లనే అనుకుంటారు గానీ, మొదటి మూడు నెలల్లో గర్భాశయాన్ని పెంచేది ప్రధానంగా హార్మోన్లే. పిండం దారితప్పి అండవాహికలో నాటుకున్నప్పుడు, ఖాళీగా ఉన్న గర్భాశయం కూడా కొంత పెరగడం ఇందుకు సాక్ష్యం.

ఈస్ట్రోజన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి గర్భాశయమే దానికి ఇంతగా ఎందుకు స్పందిస్తుంది? 1950ల చివర షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ ఈ ప్రశ్నను పట్టుకున్నారు. ఈస్ట్రోజన్లలో ముఖ్యమైన ఎస్ట్రడయోల్ అణువుకు రేడియోధార్మిక హైడ్రోజన్‌ను జోడించి, ఇంకా ఈడేరని ఎలుకలకు ఇచ్చి, అది ఏ అవయవంలో ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. ఇతర కండరాల్లోకి చేరిన హార్మోను రక్తంలో తగ్గిన కొద్దీ అక్కడా తగ్గిపోగా, గర్భాశయం మాత్రం దాన్ని గంటల తరబడి పట్టి ఉంచింది. పైగా ఆ అణువు ఏ మార్పూ లేకుండా ఉన్నది ఉన్నట్టుగానే ఉంది. హార్మోన్లు ఎంజైముల చేత రసాయనికంగా మారడం ద్వారానే పనిచేస్తాయని నమ్ముతున్న ఆ రోజుల్లో ఇది ఊహించని ఫలితం. గర్భాశయ కణాల్లో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే ప్రత్యేకమైన ప్రోటీను ఒకటి ఉందనీ, ఆ రెండూ కలిసి జన్యువులను మేల్కొలిపి కణాలను పెంచుతున్నాయనీ క్రమంగా తేలింది. మనం గ్రాహకం అనీ, తరగతుల్లో రిసెప్టర్ అనీ చెప్పుకునేది ఆ ప్రోటీనునే. ఈ పరంపరలోని పరిశోధనలకే 2004లో జెన్సెన్‌కు మరో ఇద్దరితో కలిపి వైద్య పరిశోధనలకు ఇచ్చే లాస్కర్ పురస్కారం లభించింది.

ఆ గ్రాహకం లేకపోతే ఏమవుతుందన్న దానికి జవాబు 1993లో దొరికింది. ఆల్ఫా రకం ఈస్ట్రోజన్ గ్రాహకం తయారు కాకుండా జన్యువును చెరిపేసిన ఎలుకలకు గర్భాశయం పుట్టుకతో ఉంది గానీ, అది పెరగలేదు. ఎంత ఈస్ట్రోజన్ ఇచ్చినా బరువు ఎక్కలేదు. అంటే ఎదుగుదలకు హార్మోను ఒక్కటే సరిపోదు, దాన్ని అందుకునే చేయి కూడా ఉండాలి. 1996లో బీటా అనే రెండో గ్రాహకం బయటపడినప్పటికీ, గర్భాశయ ఎదుగుదలలో పెత్తనం మొదటిదానిదే. ఇంకా విచిత్రమైన సంగతి ఒకటుంది. లోపలి పొరలోని పైకణాలు విభజన చెందడానికి ఆ కణాల్లోని గ్రాహకం కంటే, వాటి కింద ఉన్న ఆధార కణజాలంలోని గ్రాహకమే ముఖ్యమని 1990ల ప్రయోగాలు చూపించాయి. ఈస్ట్రోజన్ ఆజ్ఞను కింది కణాలు అందుకుని, ఇన్సులిన్‌ను పోలిన వృద్ధికారకం వంటి దూతల ద్వారా పై కణాలకు చేరవేస్తాయి. ఈ భాగం చెప్పేటప్పుడు నేను తరగతిలో కాస్త ఎక్కువ సమయమే తీసుకుంటాను.

ప్రొజెస్టిరాన్ పాత్ర దీనికి పూర్తి విరుద్ధం కాదు, పూర్తి అనుకూలమూ కాదు. లోపలి పొర విషయంలో ఈస్ట్రోజన్ పెంచితే ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకు కళ్లెం వేసి, పొరను పిండం నాటుకోవడానికి అనువుగా పండిస్తుంది. అయితే ప్రొజెస్టిరాన్‌ను అందుకునే గ్రాహకాలు తగినన్ని తయారు కావాలంటే, ముందు ఈస్ట్రోజన్ తన గ్రాహకం ద్వారా ఆ పని పురమాయించాలి. కాబట్టి ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని అడ్డగించిన మందు, నేరుగా ముట్టుకోకుండానే ప్రొజెస్టిరాన్ పనిని కూడా తగ్గించగలదు. ‘ఛాయా’ తెలివంతా ఇక్కడే ఉంది.

ఇటువంటి మందులను తొలిదశలో తూచే తక్కెడ ఎలుక గర్భాశయమే. ఈడేరని ఎలుకకు వరుసగా కొన్ని రోజులు మందు ఇచ్చి, చివరికి గర్భాశయాన్ని తూస్తారు. ఈస్ట్రోజన్ ఇచ్చిన కొద్ది గంటల్లోనే గర్భాశయం నీరు పట్టి ఉబ్బుతుంది, అసలైన కణవిభజన ఆ తరువాత సాగుతుంది. మూడు రోజులు గడిచేసరికి బరువులో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్లాస్టిక్కుల్లోనూ పురుగుమందుల్లోనూ ఈస్ట్రోజన్ లక్షణాలు ఉన్నాయేమో కనిపెట్టడానికి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2007లో ఈ పరీక్షనే అంతర్జాతీయ మార్గదర్శకంగా స్వీకరించింది. ఆర్మెలాక్సిఫెన్‌ను విడిగా ఇచ్చినప్పుడు ఎలుక గర్భాశయం కొద్దిగా పెరుగుతుంది. ఈస్ట్రోజన్‌తో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం, ఈస్ట్రోజన్ ఒక్కటే ఉంటే పెరగవలసినంత పెరగదు. మొదటి వాక్యం చదివినవారికి ఇది ఈస్ట్రోజన్ అనీ, రెండోది చదివినవారికి దాని విరోధి అనీ అనిపిస్తుంది, రెండూ నిజమే.

రద్దీగా ఉన్న ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, ఈ మందు గ్రాహకంలో ఈస్ట్రోజన్ చోటును పట్టుకుంటుంది. సీటు నిండినట్టే కనిపిస్తుంది గానీ ప్రయాణికుడు ఉండడు. ఈస్ట్రోజన్ చేరినప్పుడు గ్రాహకం ఒక విధంగా ముడుచుకుని తోడు ప్రోటీన్లను పిలుచుకుంటుందనీ, ఈ తరహా మందులు చేరినప్పుడు దాని చివరనున్న ఒక చుట్ట పక్కకు జరిగి ఆ తోడు ప్రోటీన్లు అంటుకునే చోటును మూసేస్తుందనీ గ్రాహకాన్ని స్ఫటికంగా మార్చి గీసిన, 1997లో వెలువడిన నిర్మాణ చిత్రాలు చూపించాయి. ఆ తోడు ప్రోటీన్లు అన్ని అవయవాల్లోనూ ఒకే పాళ్లలో ఉండవు. అందువల్లనే రొమ్ములో ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు టామోక్సిఫెన్, గర్భాశయంలో మాత్రం ఈస్ట్రోజన్ లాగే ప్రవర్తించి లోపలి పొరను మందపరుస్తుంది. ముట్లుడిగిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ ముప్పును కొంత పెంచుతుంది. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే రాలోక్సిఫెన్ అలా చేయదు. ఒకే కుటుంబంలోని మందులు గర్భాశయం దగ్గరికి వచ్చేసరికి ఇలా వేర్వేరు దారులు పడతాయి.

ఆర్మెలాక్సిఫెన్‌లో అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలు సమానంగా కలిసి ఉంటాయి. వాటిలో ఎడమ రూపాన్ని వేరుచేసి, లెవార్మెలాక్సిఫెన్ పేరుతో ఎముకలు గుల్లబారకుండా ముట్లుడిగిన స్త్రీలకు ఇవ్వాలని డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్ 1990లలో పెద్ద ఎత్తున ప్రయోగాలు చేసింది. గర్భాశయం లోపలి పొర మందపడటం, గర్భాశయం జారడం వంటి ఇబ్బందులు తలెత్తడంతో ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే వదిలేసింది. శరీరంలో సొంత ఈస్ట్రోజన్ పుష్కలంగా ఉన్న వయసులో ఈ మందులోని విరోధి గుణం పైకి తేలుతుందనీ, ఈస్ట్రోజన్ అడుగంటిన వయసులో దానిలోని కొద్దిపాటి ఈస్ట్రోజన్ గుణమే మిగులుతుందనీ చూస్తే, ఎలుక గర్భాశయం చెప్పిన రెండు మాటలూ అక్కడ మనుషుల్లో వినిపించాయనిపిస్తుంది. ‘ఛాయా’ పిల్లలు పుట్టే వయసులో ఉన్నవారి మందు. తల్లి వాడి మిగిల్చిన మాత్రలను అమ్మమ్మ మోకాళ్ల నొప్పులకో ఎముకలకో వాడవలసిన మందు కాదు.

వాడుకరి ఒంట్లో దీని ఫలితం ఇలా ఉంటుంది. అండం నెలనెలా విడుదలవుతూనే ఉంటుంది, అండాశయపు హార్మోన్లు వస్తూనే ఉంటాయి. లోపలి పొర మాత్రం ఆ హార్మోన్ల మాటను సగం సగమే వింటుంది కాబట్టి, ఫలదీకరణ చెందిన అండం చేరే వేళకు పొర సిద్ధంగా ఉండదు. ఫలదీకరణ తరువాత అడ్డుపడే మందు వాడటానికి మనసొప్పని వారు కొందరుంటారు. వైద్యులు ఈ సంగతిని వారికి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. ఇందులో ఈస్ట్రోజన్ లేకపోవడం వల్ల రెండు హార్మోన్లు కలిపిన మామూలు మాత్రలతో వచ్చే వికారం, బరువు పెరగడం వంటి ఫిర్యాదులు ఇక్కడ అరుదు. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. మానేసిన కొద్ది నెలల్లోనే గర్భధారణ సామర్థ్యం తిరిగి వస్తుంది. సరిగ్గా వాడినప్పుడు ఏడాదిలో నూటికి ఒకరిద్దరు స్త్రీలలో విఫలం కావచ్చునని లెక్క. పొర పలుచబడటం వల్ల నెలసరి రక్తస్రావం తగ్గడం దీనికున్న మరో మంచి గుణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు కాబట్టి, ఈ గుణానికి నేను ఎక్కువ మార్కులే వేస్తాను.

ఇక వాడే విధానం. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే వారానికి ఒక్క మాత్ర సరిపోతుంది. అయితే ఒంట్లో తగినంత నిల్వ ఏర్పడేందుకు మొదటి మూడు నెలలూ వారానికి రెండు మాత్రలు వేసుకోవాలి. నెలసరి మొదటి రోజున మొదటి మాత్ర, అది ఆదివారమైతే రెండోది బుధవారం. ఆ తరువాత మూడు నెలల పాటు వారంలో ఆ రెండు రోజులే ఖాయం. నాలుగో నెల నుంచి మొదటి మాత్ర వేసుకున్న రోజు, అంటే ఇక్కడ ఆదివారం, ఒక్కటే మిగులుతుంది, మధ్యలో నెలసరి వచ్చినా ఆపనక్కరలేదు. స్ట్రిప్పుకు ఎనిమిది మాత్రలు కాబట్టి మొదట్లో ఒక స్ట్రిప్పు నెలకు, తరువాత రెండు నెలలకు వస్తుంది. రోజూ గుర్తుంచుకోవలసిన మాత్ర కంటే ఇది తేలిక అని కాగితం మీద అనిపిస్తుంది. నా మటుకు నాకు రోజువారీ అలవాటు కంటే వారానికోసారి చేసే పనే మరపునకు దగ్గరగా తోచింది. వంటగది క్యాలెండరులో మాత్ర రోజులకు చుట్టు గీసుకున్నాక గానీ కుదుటపడలేదు. మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆలస్యం ఏడు రోజుల లోపైతే మామూలు క్రమాన్నే కొనసాగిస్తూ, మళ్లీ నెలసరి వచ్చేదాకా కండోమ్ తోడు పెట్టుకోవాలి. ఏడు రోజులు మించితే కొత్తగా మొదలుపెట్టినట్టే, మళ్లీ వారానికి రెండు చొప్పున మూడు నెలలు.

ఈ క్రమాన్ని చెప్పవలసిన వారికే అది తెలియకపోవడం దీనికున్న పెద్ద లోపం. ఒక మందుల దుకాణంలో నా ముందే ఒకావిడకు ఈ స్ట్రిప్పు ఇస్తూ, మాలా మాత్రల్లాగే రోజుకొకటి వేసుకోమని చెప్పారు. అది మందు తప్పు కాదు, కానీ ఆ సలహాతో వాడినవారికి మందు తప్పుగానే కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా, మా వైపు ఆశా కార్యకర్త ఒకరు మాత్ర వేసుకోవలసిన రోజుల జతలను వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తూ చెప్పడం చూశాను. అంత బాగా నేను తరగతిలో కూడా చెప్పలేదు.

దుష్ప్రభావాల్లో ముందుగా చెప్పుకోవలసింది నెలసరి ఆలస్యం. అందరిలోనూ రాదు గానీ, వచ్చినవారికి అది కలవరమే, ఎందుకంటే గర్భం నిలిచినా మొదటి గుర్తు అదే. అనుకున్న తేదీకి పదిహేను రోజులు మించితే పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అండాశయాల్లో నీటితిత్తుల సమస్య ఉన్నవారూ, ఈ మధ్య కామెర్లు వచ్చినవారూ, కాలేయ వ్యాధి, క్షయ, మూత్రపిండాల జబ్బు వంటి దీర్ఘవ్యాధులున్నవారూ దీన్ని వాడకూడదు. లైంగిక వ్యాధుల నుంచి ఇది ఏ రక్షణా ఇవ్వదు.

మిగతా పద్ధతులతో పోలిస్తే, ‘అంతరా’ ఇంజక్షను మూడు నెలలకోసారి అన్న సౌకర్యం ఇస్తుంది గానీ, మానేశాక గర్భం రావడానికి నెలలు పట్టవచ్చు. కాపర్-టీ ఎంతో నమ్మకమైనదే అయినా కొందరిలో రక్తస్రావం పెంచుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహితల్లో దాదాపు 70 శాతం మంది శస్త్రచికిత్సనే ఆశ్రయిస్తున్నారు కాబట్టి, ఇద్దరు పిల్లల మధ్య ఎడం పాటించడానికి ‘ఛాయా’ వంటి తాత్కాలిక పద్ధతికి ఇక్కడ దక్కవలసిన స్థానం దక్కలేదనే చెప్పాలి. మందు వరకు అయిదింట నాలుగు నక్షత్రాలు ఇస్తాను. అది జనానికి చేరుతున్న తీరుకు రెండు మించి ఇవ్వలేను.

చివరిగా, అధిక రక్తస్రావం, గర్భాశయంలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నవారు ఈ మాత్ర గురించి తరచుగా అడుగుతుంటారు. అడగడంలో న్యాయం ఉంది. దేశంలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందువరుసలో ఉన్నాయి. శస్త్రచికిత్సకు ముందు మందుతో ప్రయత్నించే అవకాశం ఉందని చాలామందికి తెలియదు. ఇదే ఆర్మెలాక్సిఫెన్‌ను 60 మిల్లీగ్రాముల మోతాదులో అధిక రక్తస్రావానికి వైద్యులు వాడుతున్నారు. అయితే గడ్డలు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ బలంతోనూ పెరుగుతాయి కనుక, ఒక్క ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని అడ్డుకున్నంత మాత్రాన అవి కరిగిపోతాయన్న భరోసా లేదు. ‘ఛాయా’ మాత్రలు రెండు కలిపి మింగి ఆ మోతాదును ఇంట్లో తయారుచేసుకోవడం కూడా సరికాదు. స్కానింగులో లోపలి పొర మందం చూసి, నలభై దాటినవారిలో అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించి, రక్తం ఎందుకు పోతోందో తేల్చుకున్న తరువాతే ఆ మందు రాయాలి. ఆ పరీక్షలకు ప్రభుత్వ ఆసుపత్రి స్త్రీవైద్య విభాగంలో చూపించుకోవచ్చు.